అధ్యక్షుడు క్షమించిన మా అన్నయ్య

మా అన్నయ్యని క్షమించేశారన్న కబురు మాకు టీవీ చెప్పింది.

ఆ పూట గాలి ఎక్కువగా ఉండి మేం తొందరగా ఒడ్డుకి వచ్చేశాం. హేపో రేవు పక్కన, సముద్రంలో మునిగి ఆల్చిప్పలూ నత్తలూ తెచ్చే మా ఆడవాళ్ళకి బట్టలు మార్చుకునే గది ఒకటుంది. గోడకి వేలాడే రబ్బరు దుస్తులు, కింద చాప, మూలన పాత టీవీ. తడిజుట్టు తుడుచుకుంటూ ఉడికిన మొక్కజొన్న పొత్తులు తింటున్నాం. ఏటా ఆగస్టు పదిహేనుకి, మా దేశ విముక్తి దినానికి, అధ్యక్షుడు కొంతమంది ఖైదీలని వదిలేస్తాడు. అరటిపళ్ళు కాజేసినవాడి పేరు టీవీలో రాదు. పెద్దవాళ్ళ పేర్లే చదువుతారు. ఇద్దరు కంపెనీ యజమానులు, ఒక మాజీ మంత్రి, ఆ తర్వాత "హేపో జిల్లా మాజీ చైర్మన్ తక్ గ్వాంగ్‌సప్" అన్నారు. జాతీయ ఐక్యత కోసమట. శిక్ష రద్దు, ఎన్నికల్లో నిలబడే హక్కు కూడా తిరిగిచ్చారట.

గదిలో ఎవరూ నమలడం లేదు. అందరిలోకీ నోరున్న మనిషి బొంగ్‌సిమ్ అత్త, పొత్తు పక్కన పడేసి అంది.

"ఐక్యతట! ఎవరితో ఎవరికి? నీళ్ళలో ఉన్నవాళ్ళతోనా?"

అని, మా అమ్మ అక్కడే ఉందని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

మా అమ్మ పేరు ఓక్‌బున్. డెబ్బై ఎనిమిదేళ్ళు. మా ఆడవాళ్ళందరికీ పెద్ద ఆవిడే. టీవీ వైపు చూడనేలేదు. లేచి, అప్పుడే విప్పిన తడి రబ్బరు దుస్తులు మళ్ళీ తొడుక్కోవడం మొదలెట్టింది.

"అమ్మా, అలలు పెద్దగా ఉన్నాయి," అన్నాను.

"ఉండనీ. నాకిక్కడ ఊపిరాడటం లేదు," అంది.

గ్వాంగ్‌సప్ నాకు ఒక్కగానొక్క అన్నయ్య. నాన్న చిన్నప్పుడే పోతే, అమ్మ నీళ్ళలో మునిగి తేలి చదివించింది. తెలివైనవాడు, మాటకారి. దారిలో కనిపించిన ప్రతి ముసలమ్మ చేతిలో సంచీ అందుకునేవాడు. నటన కాదు, నిజంగానే అలాంటివాడు. చైర్మన్‌గా మొదటిసారి నిలబడినప్పుడు ఊరికి ఊరే ఓటేసింది. రోడ్లు వేయించాడు, ఆసుపత్రికి డాక్టర్లని రప్పించాడు. రెండోసారి గెలవడానికి కొత్త రేవు కట్టిస్తానన్నాడు. నీళ్ళ మీదికి పొడవుగా చాచిన కాంక్రీటు వేదిక, దాని మీద చేపల వేలంపాట, ఆడవాళ్ళు తాము తెచ్చిన సరుకు అక్కడికక్కడే కోసి అమ్ముకునే బల్లలు. కట్టించిన కాంట్రాక్టరు అన్నయ్య ఎన్నికల ఖర్చు పెట్టుకున్నాడు. స్తంభాల్లో ఇనుము తగ్గించాడు. జిల్లా ఆఫీసులో ఉన్న ఒక ఇంజినీరు అన్నయ్య దగ్గరికి వచ్చి, ఇది నిలవదు అని చెప్పాడు. అన్నయ్య ఆ ఇంజినీరుని కొండప్రాంతానికి బదిలీ చేయించాడు. ఇవన్నీ తర్వాత కోర్టులో బయటపడ్డాయి.

రేవు తెరిచిన మరుసటి సంవత్సరం, శరదృతువులో ఒక ఉదయం, వేలంపాట జరుగుతుండగా వేదిక సగానికి విరిగి సముద్రంలోకి జారిపోయింది. తొమ్మిదిమంది పోయారు. అందులో ఐదుగురు మా ఆడవాళ్ళే. నీళ్ళలో పుట్టి పెరిగినట్టుండేవాళ్ళు, నీళ్ళు చంపలేదు వాళ్ళని. మీద పడ్డ కాంక్రీటు చంపింది.

ఆ రోజు అమ్మకి చెవిపోటు. ఇంట్లో ఉండిపోయింది. చప్పుడు విని పరిగెత్తి వచ్చి, ప్రభుత్వం వాళ్ళ గజ ఈతగాళ్ళు ఇంకా పట్నం దాటకముందే నీళ్ళలోకి దిగింది. మాలో దిగగలిగినవాళ్ళందరం దిగాం. ఆ ఐదుగురిలో నలుగురిని అమ్మే పైకి తెచ్చింది. ఒక్క జోమ్‌రే పిన్ని మాత్రం దొరకలేదు. అమ్మా ఆవిడా పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ జంటగా మునిగేవాళ్ళు. ఒకరు కింద ఉంటే రెండోవాళ్ళు పైన కనిపెట్టుకుని ఉండాలి, అది మా పద్ధతి. వారాల తరబడి వెతికారు. ఒంటి మీది గుడ్డపేలిక కూడా దొరకలేదు.

అన్నయ్యకి ఐదేళ్ళ శిక్ష పడింది. రెండేళ్ళు గడవకుండానే ఈ క్షమాభిక్ష.

జైలు గేటు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళాలనుకున్నాను. వెళ్ళేసరికి పార్టీ వాళ్ళు పూలగుత్తులతో ఉన్నారు, విలేకరులున్నారు. జైలు నుంచి వచ్చినవాళ్ళకి టోఫు, అంటే తెల్లటి సోయా జున్ను, ఒక ముక్క తినిపించడం మా ఆనవాయితీ. తెల్లగా బతకమని, మళ్ళీ ఆ గుమ్మం తొక్కొద్దని. నేను గిన్నెలో పట్టుకెళ్ళాను. అన్నయ్య చూసి నవ్వాడు.

"ఇది శిక్ష అనుభవించి వచ్చినవాళ్ళు తినేది, యోన్‌హీ. నాది రద్దయిపోయింది. అసలు లేనట్టే లెక్క."

"లేనట్టా?"

"చట్టం అంతే చెప్తుంది మరి."

అన్నయ్య పక్కన కార్యదర్శి బాంగ్ నిలబడి ఉన్నాడు. పార్టీలో పనిచేసే సన్నటి మనిషి, చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లు. "చెల్లెలుగారూ, టోఫు ఫోటో వద్దండి. జైలు గుర్తొస్తుంది జనానికి," అని గిన్నె నా చేతిలోంచి మెల్లిగా తీసుకుని కారు డిక్కీలో పెట్టేశాడు.

ఇంటికి వచ్చాక అన్నయ్య గుమ్మంలో మోకాళ్ళ మీద వంగి అమ్మకి పూర్తిగా సాగిలపడి దణ్ణం పెట్టాడు. బాంగ్ ఫోన్ పైకెత్తాడు. అమ్మ ఆ ఫోన్ వైపు చూసి తలుపు మూసేసింది. బాంగ్ వెళ్ళిపోయాడని నేను చెప్పాకే తీసింది.

అన్నం పెట్టింది. నాచు చారు, అన్నయ్యకి ఇష్టమైన ముల్లంగి కిమ్చీ పచ్చడి. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. తిన్నాక అడిగింది.

"అధ్యక్షుడు నిన్ను క్షమించే ముందు ఎవరినైనా అడిగాడా?"

"ఎవరిని అడుగుతాడమ్మా? అది ఆయన అధికారం."

"మిసుక్‌ని అడిగాడా?"

మిసుక్ జోమ్‌రే పిన్ని కూతురు. బస్టాండు దగ్గర నూడుల్స్ కొట్టు నడుపుతుంది. చిన్నప్పుడు మా ఇంట్లోనే ఎక్కువగా ఉండేది. అన్నయ్య భుజాల మీద ఎక్కి పండగ చూసిన పిల్ల.

అన్నయ్య గిన్నె పక్కకి జరిపాడు. "నేను చంపాలని చంపానా అమ్మా? ఆ డబ్బు ఇంటికి తెచ్చుకున్నానా? అందరూ చేసే పనే నేనూ చేశాను. మా పార్టీలో ఎవరు తీసుకోరు? నా రేవు విరిగింది, అంతే."

"నీ రేవు విరిగింది," అంది అమ్మ, ఆ మాటలు నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నవ్వినా సరే. మేం లోపలికి మునిగి పైకి వచ్చినప్పుడు, బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలితే ఈల వేసినట్టు శబ్దం వస్తుంది. ఎవరి ఈల వాళ్ళది. బొంగ్‌సిమ్ అత్తది గరుకుగా ఉంటుంది, నాది సన్నగా. కళ్ళతో చూడకపోయినా ఎవరు పైకి వచ్చారో ఎవరు రాలేదో చెవులతో తెలిసిపోతుంది. రేవు కూలిన దగ్గర్నుంచి ఆ విరిగిన స్తంభాల వైపు ఎవరూ లేనిచోట ఒక ఈల వినిపిస్తోంది. పొడవుగా సాగి, చివర్లో విరిగినట్టుండే ఈల. జోమ్‌రే పిన్నిది. మొదట అమ్మ ఒక్కతే వింది. ముసలితనం, చెవిపోటు అనుకున్నాను. తర్వాత ఒకరోజు నాకూ వినిపించింది. బొంగ్‌సిమ్ అత్తని అడిగితే, "నన్నడక్కు. నేనెప్పుడో విన్నాను, నోరు మూసుకున్నాను," అంది. ఇలా చెప్పుకోకుండానే అందరం వింటున్నాం. వింటూనే ఆ వైపు వెళ్ళడం మానేశాం.

శవం దొరకనివాళ్ళ కోసం మా వైపు ఒక తంతు ఉంది. ఇత్తడిగిన్నెలో బియ్యం పోసి, మూతికి తెల్లగుడ్డ కట్టి, పొడవాటి తాడుతో సముద్రంలోకి దింపుతారు. పూజారమ్మ పేరు పెట్టి పిలుస్తుంది. పైకి లాగి విప్పినప్పుడు బియ్యంలో ఒక వెంట్రుక కనిపిస్తే ప్రాణం ఒడ్డుకి వచ్చినట్టు. దానికి బట్టలు పెట్టి సాగనంపుతారు. పిన్ని కోసం మిసుక్ రెండుసార్లు చేయించింది. రెండుసార్లూ ఉత్త బియ్యమే వచ్చాయి. మూడోసారి పూజారమ్మ, "మీరు లాగితే రావట్లేదమ్మా. ఎవరో ముడి వేసి పోయారు, వాళ్ళే విప్పాలి," అంది.

మిసుక్ మా ఇంటికి వచ్చింది. అన్నయ్య జైలు నుంచి వచ్చాక అదే మొదటిసారి. గడప ఇవతల నిలబడే మాట్లాడింది.

"చైర్మన్‌గారూ, ఈ నెలాఖరుకి మా అమ్మ పోయిన రోజు. తాడు మీరు పట్టుకోవాలి."

"నన్ను అన్నయ్యా అనేదానివి," అన్నాడు వాడు.

"అప్పుడు మా అమ్మ ఉండేది."

వాడు గడప దాకా వచ్చాడు. తర్వాత, "తాడు పట్టుకోవడమేగా? వస్తాను," అన్నాడు.

"పట్టుకుని ఏం జరిగిందో మా అమ్మకి చెప్పాలి. ఇనుము తగ్గిందని నాకు తెలుసు, తెలిసి ఊరుకున్నానని చెప్పాలి. కోర్టులో మీ లాయర్లు మాట్లాడారు. మీ నోటితో ఇప్పటిదాకా ఎవరం వినలేదు."

"సరే," అన్నాడు. నిజంగానే చెప్పాలనుకున్నాడు. నాకు తెలుసు. వాడి మొహంలో చిన్నప్పటి గ్వాంగ్‌సప్ కనిపించాడు ఆ క్షణం.

ఆ రోజు ఎండ బాగా కాసింది. విరిగిన వేదిక మొదట్లో చాప పరిచి, పళ్ళూ ఎండుచేపలూ అన్నమూ పెట్టాం. చనిపోయినవాళ్ళ ఇళ్ళనుంచి అందరూ వచ్చారు. అన్నయ్య నల్లకోటు వేసుకుని వచ్చాడు. వెనకాల బాంగ్, బాంగ్ వెనకాల కెమెరా పట్టుకున్న ఇద్దరు.

అమ్మ లేచి నిలబడింది. "వాళ్ళెందుకు?"

"స్థానిక టీవీ వాళ్ళమ్మా. జనం చూస్తే మంచిదే కదా," అన్నాడు అన్నయ్య. అది బాంగ్ చెప్పిన మాటేనని తెలుస్తూనే ఉంది.

మిసుక్ అంది, "ఉండనీ పెద్దమ్మా. చెప్పేది నిజమైతే నలుగురూ వినడమే మంచిది."

డప్పు మోగింది. పూజారమ్మ గిన్నె నీళ్ళలోకి వదిలి తాడు అన్నయ్య చేతికిచ్చింది. "పిలువు నాయనా. పేరు పెట్టి పిలువు."

"జోమ్‌రే పిన్నీ," అన్నాడు. గొంతు వణికింది. "నేను గ్వాంగ్‌సప్‌ని."

డప్పు ఆగింది. వాడు ఒక్కసారి కెమెరా వైపు చూశాడు. అంతే, మా గ్వాంగ్‌సప్ వెళ్ళిపోయి చైర్మన్ వచ్చాడు.

"ఆనాడు జరిగిన దురదృష్టకర సంఘటన పట్ల, ఒక ప్రజాప్రతినిధిగా తీవ్రమైన విచారం..."

మిసుక్ కళ్ళు మూసుకుంది. బొంగ్‌సిమ్ అత్త, "ఓరి నీ విచారం తగలెయ్య," అని గొణిగింది. అన్నయ్య ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. తాడు బిగుసుకుంది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. అప్పటిదాకా వదులుగా వేలాడుతున్న తాడు నిటారుగా సాగింది. వాడి చేతులు ముందుకి గుంజుకుపోయాయి. ఆటుపోటు మారే వేళ, కింద నీళ్ళు తిరిగి ఉంటాయని నా బుద్ధి చెప్పింది. కానీ అదే క్షణంలో విరిగిన స్తంభాల మధ్యనుంచి ఆ ఈల వచ్చింది. పొడవుగా, చివర్లో విరిగి. మేం ఆడవాళ్ళమందరం ఒక్కసారే తలలు తిప్పాం. వాడూ తిప్పాడు.

తాడు వదిలేశాడు.

తెల్లటి తాడు రాళ్ళ మీదుగా జరజర పాకి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మిసుక్ ఆ తాడు పోయినచోటుకి వెళ్ళి, అంచున కూర్చుని, రెండు చేతులూ నీళ్ళలో ముంచి ఉండిపోయింది. అన్నయ్య అరచేతులు చూసుకుంటూ, "ఎవరో లాగారు... ఎవరో లాగారే..." అంటున్నాడు. బాంగ్ వాడి భుజం పట్టుకుని కారు వైపు నడిపించుకుపోయాడు. సాయంత్రం టీవీలో, అన్నయ్య పిన్ని పేరు పిలవడం, గొంతు వణకడం, అంతవరకే చూపించారు.

ఆ తర్వాతి జూన్‌లో ఎన్నికలు. అన్నయ్య నిలబడ్డాడు. ఊళ్ళో రెండు మాటలుండేవి. మిసుక్ కొట్లో నూడుల్స్ తింటూనే మిసుక్ వినేట్టు అనేవాళ్ళు, "తిన్నాడు సరే, పని చేశాడు కూడా. ఇప్పుడున్నవాడు తినడమొక్కటే చేస్తున్నాడు." ఇంకొకడు, "అధ్యక్షుడే క్షమించాక మనదేముంది?" మిసుక్ వాళ్ళ గిన్నెల్లో ఇంకో గరిటె చారు పోసేది. ఒక విలేకరి అమ్మని పట్టుకుని, కొడుకుని క్షమించారా అని అడిగాడు. అమ్మ వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నాకు చేసిన తప్పు ఉంటే నేను క్షమిస్తాను. చిన్నప్పుడు నా డబ్బాలో చిల్లర కొట్టేసేవాడు, క్షమించాను. జోమ్‌రేకి చేసింది నేనెలా క్షమిస్తాను? అధ్యక్షుడెలా క్షమిస్తాడు? ఆయన జోమ్‌రేని చూశాడా ఎప్పుడైనా?"

ఆ మాటలు ఎక్కడా వెయ్యలేదు. అన్నయ్య గెలిచాడు. కొద్దిపాటి ఓట్లతోనే, కానీ గెలిచాడు. రాత్రికి రాత్రే బ్యానర్లు వెలిశాయి.

గెలిచాక మిసుక్ ఒక పని మొదలుపెట్టింది. జిల్లా కౌన్సిల్ సమావేశాల్లో జనం కూర్చుని చూడటానికి వెనక మూడు వరసల కుర్చీలుంటాయి. ఎవరూ వెళ్ళరు. మిసుక్ కొట్టు మూసి వెళ్ళి మొదటి వరసలో కూర్చునేది. అరవలేదు, అట్ట పట్టుకోలేదు. కూర్చునేది, అయిపోయాక బస్సెక్కి వచ్చేసేది. కొన్నాళ్ళకి అమ్మ కూడా వెళ్ళడం మొదలెట్టింది. నీళ్ళలోంచి తిన్నగా వెళ్ళేది. జుట్టు తడిగా, ఒంటినిండా ఉప్పువాసన. నేను కారులో దింపి, వెనక నిలబడేదాన్ని.

వాళ్ళు ఏడుస్తూ తిట్టుకుంటూ వెళ్ళి ఉంటే అన్నయ్య తట్టుకునేవాడు. కార్యదర్శి బాంగ్ ఒకసారి మా ఇంటికి మనిషిని పంపి చెప్పించాడు, ముసలావిడకి ఇబ్బంది కదా, ఇంట్లోనే లైవ్ చూడొచ్చు అని. అమ్మ, "ఇల్లు చల్లగా ఉంది, అక్కడ హీటరుంది," అంది.

అన్నయ్య సన్నబడ్డాడు. నా కొట్టుకి వచ్చి కూర్చునేవాడు అప్పుడప్పుడు. నేను వీధి చివర ఎండుచేపలు అమ్ముతాను. ఒకసారి అడిగాడు.

"యోన్‌హీ, ఆ ఈల నీకు మీటింగు హాల్లో వినిపిస్తుందా?"

"లేదన్నయ్యా."

"నాకు మైకులోంచి వస్తుంది. నేను మాట్లాడటం ఆపగానే."

అంటూ ఒక ఎండుచేప తీసి, తినకుండా, ముక్కలు ముక్కలు చేసి మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

నవంబరులో కొత్త రేవు కట్టే తీర్మానం వచ్చింది. పాతచోటే, వేరే కాంట్రాక్టరు. అన్నయ్య చదవాలి, కౌన్సిల్ ఆమోదించాలి. హాలు నిండుగా ఉంది. అమ్మ, మిసుక్ తమ కుర్చీల్లో ఉన్నారు. అన్నయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. పొడవెంత, వెడల్పెంత, ఎన్ని పడవలు ఆగుతాయి. "నిర్మాణ నాణ్యత విషయంలో మా పాలన ఎక్కడా..." దగ్గర ఆగిపోయాడు. కాగితం వైపే చూస్తున్నాడు. సభ నడిపిస్తున్నాయన, "చైర్మన్‌గారూ?" అన్నాడు.

అన్నయ్య కాగితం బోర్లా పెట్టాడు.

"ఇనుము తక్కువ వేశారని నాకు ముందే చెప్పారు," అన్నాడు. "మా ఇంజినీరు వచ్చి చెప్పాడు. స్తంభాలు ఆగవన్నాడు. ఎన్నికలయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాను. వాడు వినకపోతే బదిలీ చేశాను. ఆ వేదిక మీదికి మా అమ్మ రోజూ వెళ్తుందని కూడా నాకు..."

మైకు ఆగిపోయింది. ఎవరో తీసేశారు. వాడి పెదాలు కదులుతూనే ఉన్నాయి. బాంగ్ పరిగెత్తుకొచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు. కౌన్సిల్ వాయిదా పడింది. చైర్మన్‌కి అస్వస్థత అని వార్తల్లో వేశారు.

మెట్ల దగ్గర అమ్మ నిలబడి ఉంది. అన్నయ్య బయటికి వచ్చాడు.

"మైకు తీసేశారమ్మా."

"నాకు వినిపించింది. ఇంతకాలం నీ మాట మైకులోనే విన్నాను, ఇవాళ మైకు లేకుండా విన్నాను."

"మిసుక్‌కి?"

"నన్నడుగుతావేం? ఆ పిల్ల అక్కడుంది."

వాడు మిసుక్ దగ్గరికి వెళ్ళి తలవంచుకుని నిలబడ్డాడు. మిసుక్ బ్యాగు భుజానికి తగిలించుకుంటూ అంది.

"ఇప్పుడేం చేస్తారు?"



మర్నాడు నేనూ అన్నయ్యా నా కారులో పట్నం వెళ్ళాం, ప్రభుత్వ న్యాయవాదుల కార్యాలయానికి. వాడు అడిగింది ఒక్కటే, మిగిలిన శిక్ష అనుభవిస్తాను, లోపలికి తీసుకోండి అని. అక్కడున్న యువ అధికారి వాడిని గుర్తుపట్టి కంగారుపడి లేచి నిలబడ్డాడు. కాఫీ తెప్పించాడు. చాలా మర్యాదగా చెప్పాడు.

"అలా కుదరదండి చైర్మన్‌గారూ. క్షమాభిక్ష వెనక్కి ఇచ్చేది కాదండి. ఒకసారి ఇచ్చాక ఆ శిక్ష ఇక లేదు. లేనిదాన్ని మీకెలా ఇవ్వమంటారు?"

"నేనే ఒప్పుకుంటున్నాను కదా!"

"ఆ నేరానికి మిమ్మల్ని మళ్ళీ ఎవరూ ఏమీ చెయ్యలేరండి. మీరు సంతోషంగా ఉండొచ్చు."

తిరిగొచ్చేటప్పుడు అన్నయ్య కిటికీకి తల ఆనించుకుని ఉన్నాడు. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు, "తలుపు మూసేశారు, యోన్‌హీ. నన్ను బయట పెట్టి మూసేశారు."

కొత్త రేవు ఫైలు మీద సంతకం పెట్టకుండానే రాజీనామా చేశాడు. పార్టీ వాళ్ళు తిట్టారు, బాంగ్ ఇంకో నాయకుడి దగ్గర చేరాడు. వదిన ఎప్పుడో పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. అన్నయ్య మా ఇంటి వెనక గదిలో ఉంటున్నాడు. సముద్రం వైపు వెళ్ళడు. అమ్మ అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది, కానీ వాడు "అమ్మా, నువ్వైనా..." అని మొదలుపెడితే లేచి వెళ్ళిపోతుంది.

చలికాలం చివర్లో ఒకరోజు కొట్టు తెరవడానికి వెళ్తూ మిసుక్ మా గోడ దగ్గర ఆగింది. అన్నయ్య వాకిట్లో మంచు ఊడుస్తున్నాడు.

"ఇంజినీరు మీ దగ్గరికి వచ్చినప్పుడు ఎక్కడున్నారు మీరు?" అని అడిగింది, పలకరింపు కూడా లేకుండా.

వాడు చీపురు ఆపాడు. "ఆఫీసులో. పొద్దున్నే."

"ఎంతసేపు మాట్లాడాడు?"

"నేను వినలేదు పూర్తిగా. ఫోన్ వస్తే తీశాను. వాడు నిలబడే ఉన్నాడు."

మిసుక్ తల ఊపి వెళ్ళిపోయింది. తర్వాతి వారం మళ్ళీ వచ్చింది. ఇంకో ప్రశ్న. తర్వాత ఇంకొకటి. కాంట్రాక్టరు ఏ హోటల్లో కలిశాడు, వేదిక కూలిందని ఎవరు ఫోన్ చేశారు, వినగానే మొదట ఎవరు గుర్తొచ్చారు. ఆ చివరి ప్రశ్నకి అన్నయ్య, "ఎన్నికలు," అని చెప్పాడు. మిసుక్ అప్పుడు కూడా తిట్టలేదు. వంటింట్లో నేను అరచేత్తో నోరు మూసుకున్నాను.

నిన్న పొద్దున్న వచ్చింది. వాన తుంపర పడుతోంది. గొడుగు కింద నిలబడింది. తర్వాత అంది.

"రేవు ప్రారంభించిన రోజు మా అమ్మ మీ నోట్లో ఏదో పెట్టింది. ఫోటోలో ఉంది. ఏమిటది?"

"ఆల్చిప్ప మాంసం. ఆ పూటే తెచ్చింది. కోసి, కారంముద్దలో అద్ది పెట్టింది."

"ఏమైనా అందా?"

అన్నయ్య తడుస్తున్నాడు. గొడుగు ఇద్దామని నేను లేవబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అంది. ఇకనుంచి కింద చతికిలబడి మోకాళ్ళు నొప్పెట్టకుండా అమ్ముకుంటాంరా గ్వాంగ్‌సప్, నీ పుణ్యమా అని... అంది."

"మీరేమన్నారు?"

"ఇంకో ముక్క పెట్టమన్నాను."

మిసుక్ ఆ మాట తీసుకుని, గొడుగు ఒకచేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, కొట్టువైపు నడిచింది. మలుపు తిరిగేదాకా అన్నయ్య చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, తల తుడుచుకోకుండా అడిగాడు.

"వచ్చేవారం వస్తుందంటావా?"

"అడగాల్సినవి ఇంకా ఉంటే వస్తుంది," అంది అమ్మ. పొయ్యి మీద అన్నం దించి, మూడు గిన్నెల్లోకి పెట్టింది.